రంగం పోయిన పెద్ద ముత్తాత: మా వంశవృక్షం ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయ్యాక

చెట్టు ఇప్పుడు ఎక్కడుందో ముందు రాసి పెట్టుకుంటా, లేకపోతే నాలుగు నెలలు పోయాక నాకే అర్థం కాదు. మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు, బారువ రేవుకి దగ్గర్లో ఒక ఊరు, నేను ఉండేది వైజాగ్‌లో. నాన్న వైపు ముత్తాత దాకా పేర్లు గట్టిగా తెలుసు, ఆ పైన అంతా "అనుకుంటా" బాపతు. ఆ ముత్తాతకి ఒక అన్న ఉండేవాడు, రంగం పోయాడు, అంటే రంగూన్, మా వైపు రంగమనే అంటారు, అక్కడ తెలుగోళ్ళకీ బర్మావాళ్ళకీ కొట్లాట అయినప్పుడు పోయాడు. ఇంట్లో చెప్పేది ఇంతే, ఒక్క ముక్క. పెళ్ళయిందా పిల్లలున్నారా అని అడిగితే మాట మార్చేస్తారు. ఈ ఏడాది పని మొత్తం ఈయన మీదే పెడదామని డిసైడయ్యా.

డేటా అంతా గ్రాంప్స్‌లో పెడుతున్నా. వంశవృక్షాలు రాసుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్, నెట్ అక్కర్లేదు, ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది, రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారాలన్నా జెడ్‌కామ్ ఫైలుగా (వంశవృక్షాల సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా మార్చుకునే ఫార్మాట్) తీసుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఏంటంటే డేటు దగ్గర "సుమారు 1940", "1942కి ముందు" అని పెట్టుకోవచ్చు, మన ఇళ్ళలో సగం డేట్లు అలాంటివే కదా. తలనొప్పి మాత్రం మేనరికాలతో. మా తాత పెళ్ళి చేసుకుంది సొంత మేనమామ కూతుర్ని, అందుకని చార్ట్ గీస్తే ఒకే ముసలాయన రెండు చోట్ల కనిపిస్తాడు, చూసినవాళ్ళు ఇద్దరనుకుంటారు. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఒకటి, తరం విడిచి తరం అదే పేరు, అదే ఇంటిపేరు. మా చెట్టులో తవిటయ్యలే ముగ్గురున్నారు. తవిటయ్య, తవిటమ్మ, పెంటయ్య లాంటి పేరు కనపడితే మాత్రం ఊరికే వదలకూడదు, అంతకుముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే బిడ్డని చాటెడు తవుడుకి అమ్మినట్టు చేసో, పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకునో అలాంటి పేరు పెట్టేవాళ్ళు. అంటే ఆ తవిటయ్యకి పైన ఎవరో ఒకరిద్దరు పిల్లలు ఉండి పోయారన్నమాట. వాళ్ళ పేర్లు తెలియవు, అయినా ఖాళీ గడులు పెట్టి ఉంచా.

ఇదే వారం

చిన్నమామ్మతో కూర్చున్నా. తాతకి చెల్లెలు, ఆ తరంలో మిగిలింది ఆవిడొక్కతే. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెడితే "ఏటిరా బాబూ, పోయినోల పేర్లన్నీ రాసుకొని ఏటి సేస్తావు, ఆస్తులేటైనా ఒస్తాయేటి" అంది. ఆస్తులేం రావు మామ్మా ఊరికేనే అంటే నమ్మలేదు గానీ చెప్పడం మొదలెట్టింది.

ఇక్కడ ఒక చిట్కా, ఎవరికైనా పనికొస్తుంది. ఏ సంవత్సరం అని అడగొద్దు. ఆ అడిగేసరికి ముసలివాళ్ళు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. అప్పుడు చంకలో ఎవరున్నారు, నీ పెళ్ళికి ముందు ఇంట్లో ఎవరి పెళ్ళయింది, సారె ఎవరు పట్టుకెళ్ళారు, ఇవీ అడగాల్సింది. బాంబులు పడ్డప్పుడు తను అమ్మ సంకన ఉందట. వైజాగ్ మీదా కాకినాడ మీదా జపానోళ్ళు బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న, సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ అప్పుడు భయంతో లోపలికి పోయాయి, సో చిన్నమామ్మ పుట్టింది సుమారు 1941. ఆధార్‌లో ఇంకేదో ఉంది, అది పట్టించుకోనక్కర్లేదు. స్కూల్ రిజిస్టర్ చూస్తే మా ఊళ్ళో ఆ తరం అంతా జూలై ఒకటినే పుట్టారు, మాస్టారి దయ.

రంగం సంగతి అడిగితే వాళ్ళమ్మ చెప్పిన మాట ఒకటి చెప్పింది. "ఆ ఏడు రంగంలో నేల ఊగిపోయినాదట, ఇళ్ళు కూలినాయట, ఆ నెల్లోనే కొట్లాటలు. మా పెదనాన అప్పుడక్కడే ఉన్నాడు." నాకైతే కుర్చీలోంచి లేవాలనిపించింది. 1930 మే 5న పెగూలో పెద్ద భూకంపం వచ్చింది, రంగూన్ కూడా దెబ్బతింది. అదే నెల 26న రేవులో అల్లర్లు మొదలయ్యాయి. ఓడల్లో సరుకు దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు, తర్వాత సమ్మె సెటిలై తెలుగోళ్ళు పనికి తిరిగి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నారు, అక్కడ అంటుకుంది. చదువూ సంధ్యా లేని ఒక ముత్తవ్వ చెప్పిన మాట, ఇన్నేళ్ళ తర్వాత, నెలతో సహా సరిపోయింది. పెద్ద ముత్తాత 1930 మేలో రంగూన్‌లో ఉన్నాడు, ఇది రాసుకోవచ్చు. అక్కడే పోయాడు అనేది మాత్రం ఇంకా వినికిడే. గ్రాంప్స్‌లో మరణం దగ్గర ఏం రాయలేదు.

ఫిబ్రవరి

కాగితాల నెల. విసుగు నెల కూడా.

మా వైపు రికార్డులు వెతికేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సినవి రెండు. ఒకటి, జిల్లా. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా అంటున్నాం గానీ అది పుట్టింది 1950 ఆగస్టు 15న. దానికి ముందు విశాఖపట్నం జిల్లా, ఇంకా ముందు, అంటే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడేదాకా, సోంపేట, టెక్కలి, ఇచ్ఛాపురం వైపంతా గంజాం జిల్లా. గంజాం హెడ్‌క్వార్టర్స్ ఛత్రపురం, ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఒకే ఊరు, ఒకే ఇల్లు, మూడు జిల్లాలు. రెండోది జమీందారీ. మందస, జలంత్ర, టెక్కలి లాంటి ఎస్టేట్ల కింద ఉన్న ఊళ్ళలో సర్కారుకి లెక్క చెప్పేది జమీందారే, రైతు పేరు సర్కారుకి అక్కర్లేదు. రైత్వారీ ఊళ్ళకి, అంటే రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే ఊళ్ళకి, దొరికే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు మాకు అందుకే లేవు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, ఆ తర్వాత సర్వే సెటిల్‌మెంటు జరిగితే అప్పుడు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో, అంటే ఆ సర్వేలో రాసిన భూమి రిజిస్టర్‌లో, మా ముత్తాత పేరు మొదటిసారి ఎక్కింది. అది తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడిగితే ఇస్తారు, తిరగాలి, ఓపిక ఉండాలి, అంతే. మీభూమి సైట్లో దొరికేది ఇప్పటి సంగతి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీస్తే వెనక్కి 1980ల వరకే వస్తుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సులు తీయించాల్సిందే.

ఆఫీసుల కన్నా ముందు ఇంట్లోనే దొరికింది అసలు కాగితం. అటక మీద ట్రంకు పెట్టెలో పట్టాదారు పాసు పుస్తకాల కింద, మడతల దగ్గర చిరిగిపోతున్న తాకట్టు పత్రం. "ధాత నామ సంవత్సరం" అని ఉంది, ఇంగ్లీషు తారీఖు ఉన్న మూల ఎలకలు తినేశాయి. మన సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. 1876 ధాత అంటే పెద్ద కరువు ఏడు, అప్పుడే తాకట్టు పెట్టారేమో అని కూడా అనిపిస్తుంది ఎవరికైనా. కానీ స్టాంపు పేపర్ మీద ఉన్నది విక్టోరియా రాణి కాదు, గడ్డం ఉన్న జార్జి రాజు. పైగా లోపల "విశాఖపట్టణం జిల్లా సోంపేట" అని రాశారు, గంజాం అని లేదు. అంటే 1936 ఏప్రిల్ తర్వాతే. తిథి, వారం కలిపి పంచాంగం లెక్కకట్టే సైట్లో చూస్తే అదీ సరిపోయింది.

ఇంక దాన్ని వదిలిపెట్టలేకపోవడానికి కారణం లోపలున్న మాట. రాయించి ఇచ్చింది ముత్తాత, నిశాని వేసింది ముత్తాత, కానీ "రంగములో వున్న మా అన్నగారి భాగము సహా" అని ఉంది. చచ్చిపోయిన మనిషిని రంగంలో ఉన్నాడని రాయించరు కదా. ఉమ్మడి ఆస్తి కాబట్టి బాకీ ఇచ్చినాయన పట్టుబట్టి ఆ మాట రాయించుకుని ఉంటాడు. ఎవరో షావుకారు జాగ్రత్త ఇన్నేళ్ళకి నాకు పనికొచ్చింది.

మార్చి

కొత్తగా దొరికింది ఏమీ లేదు, ఒకటి బాగా అర్థమైంది మాత్రం. డర్బన్‌లో ఉండే ఒక తెలుగు కుర్రాడు పరిచయమయ్యాడు, వాళ్ళు అక్కడ ఐదో తరమో ఆరో తరమో, తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. వాడు నాకు వాళ్ళ పూర్వీకుడి షిప్ లిస్ట్ ఫోటో పంపించాడు. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, మచ్చలు ఎక్కడున్నాయో సహా. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ వెళ్ళింది మొదలు 1911 దాకా నేటాల్‌కి, అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న వైపుకి, వెళ్ళిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది, వాళ్ళకి ఇలా వరసగా పేర్లున్నాయి. నాకు కుళ్ళు పుట్టిన మాట నిజం.

మరి మావాళ్ళకి ఎందుకు లేదు అంటే, 1937 ఏప్రిల్ 1న విడగొట్టేదాకా బర్మా ఇండియాలో ఒక ప్రావిన్స్. రంగూన్ వెళ్ళడమంటే దేశం దాటడం కాదు. కోతలయ్యాక మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడతాడు, గుంపుని పోగుచేసి రేవుకి తీసుకెళతాడు, డెక్కు టికెట్టు, మూడు నాలుగు రోజుల సముద్రం, అంతే. ఒప్పందం రాసుకోలేదు, ఏజెంటు దగ్గర వేలు ముద్ర వేయలేదు, ఎవడూ ఎత్తు కొలవలేదు. నేటాల్ వాళ్ళని ఐదేళ్ళకి కట్టేశారు గనక లెక్క రాశారు, మావాళ్ళు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు వెళ్ళారు గనక రాయలేదు. కొంచెం స్వేచ్ఛగా వెళ్ళినందుకు చరిత్రలో ఆనవాలు లేకుండా పోయారంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ సైట్లో కూడా బర్మా ఫైళ్ళు కొన్ని తెరిచా. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ వైపూ, టాము మీదుగా ఇంఫాల్ వైపూ నడిచొచ్చారు కదా, క్యాంపుల ఏర్పాట్లు, ఖర్చులు, ఉత్తరప్రత్యుత్తరాలు చాలానే ఉన్నాయి. నేను తెరిచిన వాటిలో పేర్లుంటే ఆఫీసర్లవి. కూలీలు అంకెల్లో ఉన్నారు.

సో కాగితం మీద ఈయన దొరకడు. మనుషుల దగ్గరే వెతకాలి.

ఏప్రిల్

చదివింపుల పుస్తకం! ఇది ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది కాబట్టి నేను చెప్తున్నా, మీ ఇంట్లో పాత పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకాలుంటే పాతపేపర్లవాడికి వేయొద్దు, అంతకన్నా మంచి రికార్డు మన ఇళ్ళలో ఇంకోటి లేదు.

మా పెద్దత్త పెళ్ళిది, 1968. పొడుగు పద్దుల పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. ఇంటిపేరు, పేరు, ఊరు, ఏం చదివించారు. రూపాయి, రెండు రూపాయలు, ఇత్తడి చెంబు, కుంచెడు బియ్యం. ఎవరు ఎంత ఇచ్చారో మళ్ళీ వాళ్ళింట్లో పెళ్ళికి అంతా ఇవ్వాలి కాబట్టి ఒక్క పేరు పోకుండా రాస్తారు, తప్పు రాస్తే మాటొస్తుంది. సర్కారు జనాభా లెక్కలవాడికి కూడా అంత భయం ఉండదు. మొత్తం టైపు చేసి ఎక్సెల్‌లో ఎక్కించా, ఊరు ప్రకారం, ఇంటిపేరు ప్రకారం సార్ట్ చేశా. చుట్టాలు, ఊరివాళ్ళు, కూలికి వచ్చేవాళ్ళు, అందరినీ ఎవరో ఒకరు గుర్తుపట్టారు. ఒక్క పేరు మిగిలింది. పలాస వైపు ఊరు, మాకు తెలియని ఇంటిపేరు, చదివించింది పట్టుచీర, రవిక, పదకొండు రూపాయలు. ముక్కూ మొహం తెలియనివాడు పట్టుచీర పెట్టడు, అది మేనత్త హోదాలో పెట్టే చీర. 1974లో చిన్నత్త పెళ్ళి పుస్తకంలో కూడా అదే ఇంటిపేరు, అదే ఊరు, మళ్ళీ చీర.

చిన్నమామ్మకి ఫోన్ చేసి ఇంటిపేరు చెప్పా. కాసేపు ఊరుకుని "అదా, మా పెద్దమ్మ కన్నోరిల్లు కాదూ" అంది. పెద్దమ్మంటే ఎవరు మామ్మా అంటే, రంగం పోయినాయన పెళ్ళాం. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అంటే "నువ్వు అడిగితే కదా, మీరంతా మగోల పేర్లే అడుగుతారు" అని ఫోన్ పెట్టేసింది. సిగ్గేసింది కొంచెం, ఎందుకంటే నా ఫైల్లో ఆడవాళ్ళ ఇంటిపేరు గడులు సగానికి సగం ఖాళీ.

కథ ఇదీ. ఆయన ఎన్నాళ్ళకీ రాకపోయేసరికి ఆవిడ కన్నోరింటికి వెళ్ళిపోయింది, తర్వాత మారుమనువు వెళ్ళింది. మా వాళ్ళలో మారుమనువు ఆనవాయితీగా ఉన్నదే, అయినా మా ఇంట్లో పెద్దలకి అది నామోషీ అయినట్టుంది. అన్న రంగంలో చచ్చిపోయాడు అని ఒక్క ముక్కలో ముగించేస్తే మిగతా ఏదీ చెప్పక్కర్లేదు కదా, నా అంచనా అయితే అదే.

మే

పలాస వైపు ఆ ఊరెళ్ళా. ఎండ గురించి రాయను. ముందు ఫోన్లో మాట్లాడి, ఎవరి తాలూకో చెప్పి, చిన్నమామ్మతో కూడా మాట్లాడించి అప్పుడు వెళ్ళా, ఊరికే గుమ్మంలోకి వెళ్ళి మీ ఇంటి ఆడవాళ్ళ గురించి చెప్పండంటే ఎవరైనా కొడతారు.

ఆ ఇంటాయన వరసకి నాకు మామయ్య అవుతాడు. ఎలాగంటే, పెద్ద ముత్తాతకి ఒక కూతురు ఉంది! తల్లి మారుమనువు వెళ్ళినప్పుడు పిల్లని మేనమామ దగ్గర వదిలింది, మేనమామ పెంచి తన కొడుక్కే ఇచ్చి చేశాడు. మా పెళ్ళిళ్ళకి పట్టుచీర పెట్టింది ఆవిడే. మా తాతకి పెదనాన కూతురు, అంటే మా అత్తలకి మేనత్త, దగ్గరుండి చేసే హక్కు ఉంది. కానీ పుస్తకంలో ఎక్కింది ఆవిడ మొగుడి పేరు. ఆవిడ పేరు మా ఇంట్లో ఎక్కడా ఏ కాగితం మీదా లేదు. పోయి చాలా ఏళ్ళయిందట.

మామయ్య "అల్లుడూ, ఇది నీకు పనికొస్తుందేమో" అని రేకు పెట్టెలోంచి ఒక పోస్టుకార్డు తీశాడు. అమ్మ దాచుకుందట, ఆవిడకి చదవడం రాదు. తెలుగులోనే ఉంది, చెయ్యి తిరిగిన దస్తూరీ, ఎవరో రైటరు రాసినట్టుంది. బావమరిదికి రాసిన కార్డు. తను క్షేమమనీ, మిల్లులో పని తగ్గిందనీ, దల్లాలో ఫలానా మేస్త్రీ ఊరికొస్తున్నాడు కాబట్టి డబ్బు అతనితో పంపుతాననీ, పిల్లని అడిగానని చెప్పమనీ. దల్లా అంటే రంగూన్ నదికి అవతలి ఒడ్డు, ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ డాక్‌యార్డు అక్కడే ఉండేది.

పోస్టు ముద్ర అలికేసినట్టుంది, సంవత్సరం కనపడదు. అడ్రసులో గంజాం జిల్లా అని ఉంది. అది చూస్తే 1936కి ముందుది అనుకోవాలి. కానీ స్టాంపు చూడండి, జార్జి రాజు బొమ్మ ఉన్న ఇండియా స్టాంపు మీదే ఇంగ్లీషులో బర్మా అని నల్లగా అచ్చు కొట్టి ఉంది. బర్మా విడిపోయిన రోజు, 1937 ఏప్రిల్ 1 నుంచీ వాడినవి ఇవి, అంతకుముందు అలాంటి స్టాంపే లేదు. ఊరు జిల్లా మారిన సంగతి దల్లాలో రైటరుకి ఏం తెలుస్తుంది, పాత అలవాటున గంజాం అనే రాసుంటాడు. అడ్రసు పాతబడొచ్చు, స్టాంపు మాత్రం పుట్టకముందే అంటించడం కుదరదు. కాబట్టి 1930 అల్లర్లలో పోలేదు, 1937 తర్వాత కూడా బతికే ఉన్నాడు, కూతుర్ని అడిగాడు.

కార్డు అక్కడే ఉంచేసి రెండు వైపులా ఫోటో తీసుకున్నా, స్టాంపు విడిగా క్లోజప్‌లో. మామయ్య తీసుకెళ్ళమన్నాడు గానీ అది ఆ ఇంటిది. లామినేషన్ మాత్రం చేయించొద్దని చెప్పి, మంచి ప్లాస్టిక్ కవరు ఇచ్చొచ్చా.

జూన్

ఎక్కించడం అయింది. పెద్ద ముత్తాతకి భార్య, కూతురు, అల్లుడు, మనవలు, మొత్తం కొత్త కొమ్మ. ఆవిడ రెండో పెళ్ళి కూడా పెట్టా, రెండో ఇంటి పిల్లలతో సహా, కానీ బతికున్నవాళ్ళందరినీ ప్రైవేట్ అని మార్క్ చేశా, ఎవరికి కాపీ ఇచ్చినా వాళ్ళ వివరాలు బయటికి రావు. మామయ్యది కూడా ఒకటే షరతు, ఆన్‌లైన్లో పెట్టొద్దు అని. అందుకే ఇక్కడ కూడా పేర్లు లేవు.

మా ఇంట్లో ఈ వార్త పడిన తీరు వేరే రాయాలి. నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. పెద్దత్త మాత్రం "ఆ చీర నాకు గుర్తుందిరా, మిరపపండు రంగుది, ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు" అంది.

ఇప్పుడు చేయాల్సినవి. ఆడవాళ్ళ కన్నోరి ఇంటిపేర్లు, ఊళ్ళు, ముందు అవే, చిన్నమామ్మ ఆరోగ్యం బాగున్నప్పుడే. చలికాలంలో ఛత్రపురం, వీలైతే చెన్నైలో ఎగ్మోర్ ఆర్కైవ్స్, గంజాం జిల్లా పాత ఎస్టేట్ కాగితాల కోసం. దానికన్నా ముందు వైజాగ్‌లోనే పని ఉంది. కంచరపాలెం బర్మా క్యాంపులో 1964 తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి, ఆఫీసుకి వెళ్తూ రోజూ ఆ పక్కనుంచే పోతుంటా. దల్లాలో పుట్టిన పెద్దాయన ఒకరున్నారని తెలిసింది, వచ్చే ఆదివారం రమ్మన్నారు. అడగాల్సినవి: దల్లాలో సోంపేట వైపు వాళ్ళు ఏ వీధిలో ఉండేవాళ్ళు, బియ్యం మిల్లులు ఏవి, మేస్త్రీల ఇంటిపేర్లు గుర్తున్నాయా, 1942లో నడిచిరాకుండా అక్కడే ఉండిపోయిన తెలుగోళ్ళు ఎవరు, వాళ్ళు అక్కడివాళ్ళని పెళ్ళి చేసుకున్నారా. చివరిదానికి జవాబు అవుననే వస్తే పని ఇంకా పెరుగుతుంది, చూద్దాం.

ఇంకొకటి మర్చిపోకుండా: మామయ్య వాళ్ళమ్మాయి పెళ్ళి దసరా తర్వాత. చెట్టు పెద్దది ప్రింట్ వేయించి ఇమ్మన్నాడు, వాళ్ళమ్మ పేరు కాస్త పెద్ద అక్షరాల్లో. ఫ్లెక్స్ షాపువాడికి ఫైలు పంపితే తెలుగు ఒత్తులన్నీ విడిపోయి వచ్చాయి, ఇమేజ్‌గా మార్చి మళ్ళీ పంపా, శాంపిల్ రేపు ఇస్తానన్నాడు.